డుల్సీ అత్త దండెం, హెడ్లీ చిరునామా

హెడ్లీ బుడ్జెల్ కెటిల్ బైట్‌లో ఉంటున్నాడన్న సంగతి కెటిల్ బైట్‌లో తెలియని ప్రాణి లేదు. ఊళ్ళో నూట పన్నెండు మంది మనుషులు, పద్దెనిమిది కుక్కలు, చేపల పడవ ఒడ్డుకి తగలగానే ఎక్కణ్ణుంచో ఊడిపడే పిల్లుల గుంపు ఒకటి. వీళ్ళందరికీ అతను తెలుసు. తెలియనిది ఒక్క ఇమిగ్రేషన్ ఆఫీసుకే.

జూన్ మొదటి వారంలో ఆ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. హెడ్లీ దాన్ని పోస్టాఫీసులో నిలబడే చదివాడు. భార్య ఆర్లిన్‌ని స్పాన్సర్ చేస్తూ దరఖాస్తు పెట్టినప్పుడు అతను అల్బెర్టాలో ఉన్నాడట. ఇప్పుడు న్యూఫౌండ్‌లాండ్‌కి మారానంటున్నాడట. అయితే కొత్త రాష్ట్రంలో ఉంటున్నట్టు రుజువులు ముప్పై రోజుల్లో పంపాలి. పంపకపోతే దరఖాస్తు పక్కన పెట్టేస్తారు.

"చెడ్డ కబురా నాయనా?" అంది కౌంటరు వెనక వెల్డా. కవరు మీద ముద్ర చూసినప్పటి నుంచి ఆవిడకి టీ సహించలేదు.

"నేను ఇక్కడ ఉంటున్నట్టు రుజువు కావాలట పిన్నీ."

వెల్డా అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "ఉన్నావుగా," అంది.

హెడ్లీ పదకొండేళ్ళు ఫోర్ట్ మెక్‌మర్రేలో గనుల ట్రక్కులు బాగుచేశాడు. ఆర్లిన్ అక్కడే ఒక కాఫీ కొట్లో పనిచేసేది. పెళ్ళయింది, మే అని పాప పుట్టింది. ఈ ఫిబ్రవరిలో రెండు కాయితాలు ఒకే వారం వచ్చాయి. ఒకటి ఆర్లిన్ పని పర్మిట్ అయిపోయిందని, రెండోది హెడ్లీ ఉద్యోగం అయిపోయిందని. ఆర్లిన్ ఎనిమిది నెలల పాపని ఎత్తుకుని సముద్రాల అవతల, తను పుట్టిన ఇలోయిలోలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. హెడ్లీ ట్రక్కులో దేశాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటి మేనత్త డుల్సీ ఇంటికి వచ్చాడు. ఆంబ్రోస్ మామ పోయిన దగ్గర్నుంచి ఆవిడ ఒక్కతే ఉంటోంది.

పాప నడక అతను లేకుండానే నేర్చుకుంది. రోజూ పొద్దున ఏడింటికి ఫోన్లో చూస్తాడు. అక్కడ అది సాయంత్రం అయిదున్నర. మొన్న పదకొండు అడుగులు వేసింది. లెక్కపెట్టాడు. అదంతా సంతోషమే, కానీ పాప ఫోన్ని చూస్తే చాలు "డాడా" అంటుంది. హెడ్లీ మొహం ఉన్నా లేకపోయినా అంటుంది. పక్కింటావిడ ఫోన్ని చూసి అంది. టీవీ రిమోట్‌ని కూడా అంది. తన కూతురి బుర్రలో తండ్రి అంటే అరచేతి వెడల్పు ఉన్న ఒక నల్లటి పలక అని స్థిరపడిపోకముందే వాళ్ళని ఇక్కడికి తెచ్చుకోవాలని హెడ్లీ బాధ.

రుజువుల కోసం డెబ్భై కిలోమీటర్లు ట్రక్కు నడుపుకుంటూ పట్నం వెళ్ళాడు. డ్రైవింగ్ లైసెన్స్ మార్చమంటే ఇంటి చిరునామాకి రుజువు అడిగారు, బ్యాంకు కాయితం అయినా చాలన్నారు. బ్యాంకులో చిరునామా మార్చమంటే లైసెన్స్ అడిగారు. ఆరోగ్య కార్డు కౌంటరులో ఉన్న పిల్ల ఎంతో మర్యాదగా, కరెంటు బిల్లు మీద పేరుంటే చాలండీ అంది.

కరెంటు బిల్లు ఆంబ్రోస్ మామ పేరు మీద వస్తుంది. మామ పోయి రెండేళ్ళయింది. పేరు మార్పిద్దామంటే అత్త ఒప్పుకోదు. "ఆయన పేరున వచ్చే ఉత్తరం అదొక్కటే. అదీ ఆపమంటావా?" అంటుంది. ఇంటికి నంబరు లేదు. పచ్చరంగు ఇల్లంటే అందరికీ తెలుసు, అది అయిదేళ్ళ క్రితమే నీలం అయినా సరే. హెడ్లీ చేసే పనికి జీతం చీటీ కూడా లేదు. పడవల ఇంజన్లు బాగుచేస్తే ఒకరు ఉప్పుచేప ఇస్తారు, ఒకరు మూస్ దుప్పి మాంసం ఇస్తారు. పాస్టరుగారు బేక్‌యాపిల్ పళ్ళ జామ్ సీసాలు ఆరు పంపాడు. వాటి మీద తేదీ ఉంది గానీ చిరునామా లేదు.

ఇక మిగిలింది అద్దె ఒప్పందం. హెడ్లీ దాన్ని ఒక కాయితం మీద శుభ్రంగా రాసి, అత్త టీ తాగే సమయం చూసి బల్ల మీద పెట్టాడు. డుల్సీ అత్త కళ్ళజోడు పెట్టుకుని చదివింది. తీసింది. తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"అద్దె," అంది.

"ఉత్తినే అత్తా. కాయితం మీదే."

"నా తమ్ముడి కొడుకు దగ్గర నేను అద్దె తీసుకుంటున్నానని సర్కారుకి రాసిస్తావా?"

"వాళ్ళు ఎవరికీ చెప్పరు."

"వెల్డా ముద్ర కొట్టి పంపాలిగా. పంపిందంటే భోజనాల వేళకి ఊరంతా తెలుస్తుంది. మీ నాన్న గోతిలోంచి లేచొచ్చి ఆ వసారాలో కూర్చుంటాడు. వాణ్ణి మళ్ళీ నేనే మేపాలి."

"మరి పాప సంగతేం చెయ్యను?"

అత్త కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి ఊగుతున్న కుర్చీ కాలి కింద దూర్చింది. "అద్దె మాట ఎత్తకు. నువ్వు ఇక్కడివాడివని చెప్పాలి, అంతేగా? ఊరు ఊరంతా చెబుతుంది."

ఆ ఆదివారం చర్చి హాల్లో భోజనాలయ్యాక ఊరు నిజంగానే పూనుకుంది. ఉప్పుమాంసం, క్యాబేజీ తిన్న ప్లేట్లు పక్కకి జరిపి, బల్లల మీద కాయితాలు పరిచారు. పరీక్ష హాలులా ఉంది. పందొమ్మిది మంది ఉత్తరాలు రాశారు. ఒకాయన స్పెల్లింగు కోసం పక్కవాడిది తొంగిచూస్తే పాస్టరుగారు గొంతు సవరించుకున్నాడు. హెడ్లీ ఒకటి చదవబోతే అత్త చేతి మీద కొట్టింది.

"నీ గురించి జనం రాసిన మంచిని నువ్వే చదువుకుంటావా? సిగ్గులేదూ?"

అన్నింటినీ ఆవిడే కవర్లలో పెట్టి, నాలికతో తడిపి అంటించింది. సోమవారం వెల్డా వాటిని ఉప్పుచేపల కట్టలా దారంతో కట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపింది. హెడ్లీకి నాలుగు నెలల్లో మొదటిసారి కంటినిండా నిద్రపట్టింది.

మూడు వారాలకి జవాబొచ్చింది. అందులో మర్యాదకి లోటు లేదు.

"మీరు పంపిన పందొమ్మిది ఉత్తరాలు అందాయి. హెడ్లీ బుడ్జెల్ పుట్టినప్పటి నుంచి కెటిల్ బైట్‌లోనే ఉన్నాడనీ, ఒక్క రోజు కూడా వేరే చోట కాపురం లేడనీ అన్నింటిలోనూ ఉంది. మీరు మాత్రం పదకొండేళ్ళు అల్బెర్టాలో ఉన్నట్టు ప్రకటించారు. ఏది నిజమో వివరించండి. మీరు కొత్త రాష్ట్రానికి ఏ తేదీన మారారో చూపే పత్రం, మీ బంధువులూ స్నేహితులూ కానివారు ఆ సమయంలోనే రాసినది, పదిహేను రోజుల్లో పంపండి."

హెడ్లీ ఆ ఉత్తరం పట్టుకుని ఇంటికొచ్చాడు. "అత్తా, నేను అల్బెర్టా వెళ్ళలేదని రాశావా?"

"వెళ్ళావు. పనికెళ్ళావు." ఆవిడ క్యారెట్ చెక్కుతూనే ఉంది. "పనికెళ్ళడం వేరు, ఉండడం వేరు. నీ బూట్లు ఎక్కడున్నాయి?"

బూట్లు వసారాలో ఉన్నాయి. పదకొండేళ్ళ క్రితం విడిచిన రబ్బరు బూట్లు, విడిచినవి విడిచినట్టే. అతని కప్పు మేకుకి వేలాడుతూనే ఉంది. చర్చి హాల్లో విందు జరిగినప్పుడల్లా వంటవాళ్ళు లెక్కేసే ప్లేట్లలో అతనిదీ ఒకటి ఉండేది, దాన్ని ఆంబ్రోస్ మామ తినేసేవాడు. కెటిల్ బైట్‌లో ఎవరైనా పనికోసం ఎంత దూరం వెళ్ళినా, ఎన్నాళ్ళు వెళ్ళినా, వాళ్ళు ఊళ్ళో ఉన్నట్టే లెక్క. ఇందులో అబద్ధం ఉందని ఆ పందొమ్మిది మందికీ తట్టనే లేదు.

మర్నాడు ఏడింటికి ఆర్లిన్‌కి చెప్పాడు. ఆమె ముందు నవ్వింది.

"పందొమ్మిది మంది ఒట్టేసి చెప్పారా? అయితే ఫోర్ట్ మెక్‌మర్రేలో నేను పెళ్ళాడింది ఎవర్ని?"

"నన్నే."

"సాక్షులున్నారా?"

తర్వాత నవ్వడం ఆపింది. "హెడ్లీ, పాపకి దంతాలు ఆరు వచ్చాయి. నువ్వు చూసే లోపల పాలదంతాలు ఊడి మళ్ళీ వస్తాయేమో." వెనక నుంచి పాప పరిగెత్తుకొచ్చి ఫోన్ని రెండు చేతులతో పట్టుకుని, దాని వెనకవైపుకి ముద్దు పెట్టింది. హెడ్లీకి కాసేపు చీకటీ, ఒక వేలూ తప్ప ఏమీ కనబడలేదు.

ఆఫీసు కోరింది చిన్న విషయమే. బంధువూ కాకూడదు, స్నేహితుడూ కాకూడదు. నూట పన్నెండు మందిలో అలాంటి మనిషిని వెతకడం ఎంత కష్టమో ఆ ఆఫీసుకి తెలియదు. హెడ్లీ ఒక కాయితం మీద ఊరి పేర్లన్నీ రాసి ఒక్కొక్కటే కొట్టేశాడు. చివరికి ఒక్క పేరు మిగిలింది.

వాలెస్ రైడౌట్. అత్త పక్కింటాయన. ఒకప్పుడు ఓడలకి దారిచూపే దీపస్తంభంలో పనిచేసి రిటైరయ్యాడు. ఆరు కిలోమీటర్ల అవతలి ఊరి నుంచి, పెళ్ళి చేసుకుని, నలభై ఒక్క ఏళ్ళ క్రితం వచ్చాడు. భార్య పోయింది, ఆయన ఉండిపోయాడు. ఊళ్ళో పెద్దవాళ్ళందర్నీ అందరూ మామా, బాబాయ్ అని పిలుస్తారు. ఆయన్ని మాత్రం రైడౌట్ గారంటారు. ఎందుకంటే ఆయన ఇక్కడివాడు కాదు కదా. పైగా డుల్సీ అత్తకీ ఆయనకీ ముప్పై ఏడేళ్ళుగా మాటల్లేవు. అత్త బట్టలారేసే దండెం ఆయన కిటికీకీ సముద్రానికీ మధ్య ఉంటుంది. ఆయన పడవలు చూద్దామంటే అత్త దుప్పట్లు కనబడతాయి.

పోస్టాఫీసుకెళ్ళి ఆ పేరు చెప్పగానే వెల్డా గడియారం చూసింది. "ఇప్పుడు పన్నెండున్నర. నేను పోస్టాఫీసుని. ఒంటిగంట తర్వాత రా."

ఒంటిగంటకి ఆవిడ కౌంటరు మీద బోర్డు తిప్పింది. అటువైపు 'ఊరి కౌన్సిల్' అని ఉంది. హెడ్లీ అదే చోట నిలబడి, అదే మాట మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

"రైడౌట్ గారు కౌన్సిల్‌కి వారం వారం ఫిర్యాదు రాస్తారు," అంది వెల్డా గుమస్తా గొంతుతో. "ఒక సొరుగు నిండా ఉన్నాయి. నీ మీదే పదిహేడున్నాయి."

"నా మీదా?"

"ఏం రాశారో చెప్పకూడదు. ఆయన సంతకం లేకుండా కాపీ ఇవ్వకూడదు." ఆవిడ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. "నాయనా, మొదటిదాంట్లో నీ ట్రక్కు నంబరు ప్లేటు సంగతి ఉంది."

హెడ్లీ పరుగున ఆయనింటికి వెళ్ళాడు. కెటిల్ బైట్‌లో ఎవరూ ఎవరి తలుపూ తట్టరు. తోసుకుని లోపలికెళ్ళి, పొయ్యి దగ్గర కూర్చుని, తర్వాత పలకరిస్తారు. రైడౌట్ గారి తలుపు మాత్రమే తడతారు. కంగారులో ఆ సంగతి మరిచిపోయిన హెడ్లీ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

వాలెస్ రైడౌట్ బల్ల దగ్గర బెల్లంపాకంలో రొట్టె ముంచుకుని తింటున్నాడు. రొట్టె గాల్లోనే ఆగింది. పాకం చొక్కా మీద పడింది.

"తట్టలేదు నువ్వు," అన్నాడు.

"క్షమించండి రైడౌట్ గారూ. మరిచిపోయాను."

ముసలాయన చొక్కా మీది పాకం తుడుచుకున్నాడు. "కూర్చో," అన్నాడు. లేచి ఇంకో కప్పు వెతకడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

సంగతంతా విన్నాక లోపలికెళ్ళి ఒక పుస్తకం తెచ్చాడు. దీపస్తంభంలో రోజువారీ చిట్టా రాసిన అలవాటు పోలేదు. కౌన్సిల్‌కి పంపిన ప్రతిదానికీ నకలుంది. వేలు పెట్టి చదివాడు.

"మార్చి పద్నాలుగు, ఉదయం పదకొండు నలభై. గాలి ఈశాన్యం, గంటకి నలభై. అల్బెర్టా నంబరు ప్లేటుతో ఎర్ర ట్రక్కు శ్రీమతి డుల్సీ ఇంటి ముందు ఆగింది. దిగినది హెడ్లీ బుడ్జెల్. పెట్టెలు రెండు, పరుపు ఒకటి. ఉండిపోవడానికే వచ్చినట్టున్నాడు. మంచు ఊడ్చే బండికి ట్రక్కు అడ్డం. చర్య తీసుకోగలరు." తలెత్తాడు. "చర్య తీసుకోలేదు."

హెడ్లీకి ఆయన్ని కావలించుకోవాలనిపించింది. "ఇదే కావాలండీ. సంతకం పెడితే చాలు."

"పెడతాను. దండెం నాలుగడుగులు పక్కకి జరపమను."

"ఇంకేదైనా అడగండి."

"ఇంకేమీ అక్కర్లేదు నాకు."

హెడ్లీ ఇంటికొచ్చి అత్తకి ఎదురుగా కూర్చున్నాడు. గడువు ఇంకా పది రోజులుంది.

"ఆంబ్రోస్ పాతిన గుంజ అది," అంది డుల్సీ అత్త.

"తెలుసు."

"ముప్పై ఏడేళ్ళు. తుపానుకి కూడా ఊడలేదు. ఇప్పుడు ఆ ఊరుగాని ఊరివాడి కోసం పీకుతానా?"

"ఆయన కోసం కాదత్తా." హెడ్లీ ఫోన్ తీసి ఆవిడ ముందు పెట్టాడు. పొద్దున ఆర్లిన్ పంపిన వీడియో. మే కొబ్బరి చిప్పలో కూర్చుందామని మూడుసార్లు ప్రయత్నించి, మూడుసార్లూ వెల్లకిలా పడింది. అత్త మళ్ళీ చూపించమంది. ఇంకోసారి చూపించమంది. తర్వాత కిటికీలోంచి దండెం వైపు చూసింది.

"పిల్లకి ఇంకా లంగోటాలు కడుతున్నారా?"

"కడుతున్నారు."

"అయితే ఈ తాడు ఎలాగూ చాలదు. పొడుగ్గా, కొత్తది వెయ్యాలి. కొత్తది వేస్తే గుంజ జరపాల్సిందే." ఆవిడ లేచింది. "రెండడుగులు. నాలుగు కాదు. ఆయన కోసమని చెప్పకు."

మూడు రోజులు బేరం నడిచింది. హెడ్లీ రెండిళ్ళ మధ్యా తిరిగాడు, ఏ ఇంట్లోనూ తలుపు తట్టలేదు. చివరికి మూడడుగుల దగ్గర ఆగింది. గుంజ పీకిన రోజు వాలెస్ రైడౌట్ కొలబద్ద పట్టుకుని కంచె అవతల నిలబడ్డాడు, అత్త తనదో కొలబద్ద పట్టుకుని ఇవతల నిలబడింది. రెండింటికీ అరంగుళం తేడా వచ్చింది. ఆ అరంగుళం మీద గంట గడిచాక, హెడ్లీ ఇద్దరి గుర్తులకీ మధ్యలో గొయ్యి తవ్వేశాడు. సాయంత్రం నాలుగింటికి వాలెస్ వెల్డా ముందు పదిహేడు ఫిర్యాదుల మీదా పదిహేడు సంతకాలు పెట్టాడు. ఒక్కటి చాలంటే వినలేదు. మిగతావి వృథా అయిపోతాయన్నాడు.

సెప్టెంబరులో జవాబొచ్చింది. ఫిర్యాదులు సంతృప్తికరంగా ఉన్నాయని రాశారు. తన నలభై ఒక్క ఏళ్ళ రాతలో అలాంటి మాట విననివాడు కావడంతో వాలెస్ ఆ వాక్యాన్ని హెడ్లీ చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

నవంబరు రెండో వారంలో ఆర్లిన్, మే దిగారు. విమానాశ్రయంలో పాప హెడ్లీ మొహాన్ని శ్రద్ధగా చూసింది. అతని జేబులో ఉన్న ఫోన్ని కూడా చూసింది. ఫోన్నే "డాడా" అంది. ఆర్లిన్ నవ్వి నవ్వి సూట్‌కేసు మీద కూర్చుండిపోయింది. హెడ్లీ కళ్ళు తుడుచుకుంటూ ఆ ఫోన్ని ట్రక్కులో సీటు కింద పడేశాడు.

నాలుగో రోజు పొద్దున హెడ్లీ పాపని ఒళ్ళో పెట్టుకుని ఆర్లిన్ ఆరోగ్య కార్డు దరఖాస్తు నింపుతున్నాడు. మొదటి పేజీలోనే ఉంది, ఈ రాష్ట్రంలో నివాసానికి రుజువు జతచేయండి అని. అతను కలం కింద పెట్టాడు. సరిగ్గా అప్పుడు వాలెస్ రైడౌట్ తలుపు తోసుకుని, తట్టకుండా, వంటింట్లోకి వచ్చాడు. డుల్సీ అత్త చేతిలో గరిటె అలాగే ఆగింది. మేకు మీంచి ఒక కప్పు తీసి బల్ల మీద పెట్టింది. కొంచెం గట్టిగానే పెట్టింది.

"కౌన్సిల్ ఒంటిగంటకి గానీ తెరవదు," అన్నాడు వాలెస్. "అందుకని ఇక్కడే ఇస్తున్నాను." కాయితం తీసి చదివాడు. "నవంబరు పన్నెండు. గాలి పడమర, గంటకి ముప్పై. ఒకటి. ఈ నెల తొమ్మిది నుంచి శ్రీమతి ఆర్లిన్ బుడ్జెల్, ఆమె కూతురు ఈ ఇంట్లో కాపురం ఉంటున్నారు. ఉదయం ఆరింటికి ఏడుపు. రెండు. దండెం మీద లంగోటాలు ఇరవై రెండు. సముద్రం కనబడటం లేదు. మూడు. సదరు పిల్ల కంచె సందులోంచి నన్ను చూసి డాడా అన్నది. నేను కాను. ఈ సంగతి నమోదు చేయగలరు."

ఆర్లిన్ మొహం అటు తిప్పుకుంది. ఆమె భుజాలు ఊగుతున్నాయి.

"తేదీ వేశారా బాబాయ్?" అన్నాడు హెడ్లీ.

"వేశాను."

"సంతకం?"

"పెట్టాను."

హెడ్లీ ఆ కాయితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. మూడో అంశం దగ్గర వేలు ఆగింది. ఇలాంటి వాక్యం చూస్తే ఏ ఆఫీసయినా వివరణ అడక్కుండా ఉండదని అతనికి ఈపాటికి బాగా తెలుసు.

"మూడోది కొట్టెయ్యండి బాబాయ్. ఇది సర్కారుకి పంపాలి."

వాలెస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అత్త పోసిన టీని రుచి చూశాడు.

"రాసింది కొట్టెయ్యడం నా అలవాటు కాదు," అన్నాడు.